ఫ్రెంచి లెక్కలో డెబ్బై దగ్గరే చిక్కు

యానాం: 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఈ పట్టణానికి ఆ భాషతో బంధం ఇంకా తెగలేదు. ఫ్రాన్సులో బంధువులున్న కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. అక్కడికి వెళ్లదలచినవారు ముందుగా నేర్వవలసినవి అంకెలే.

అఁ, ద, త్రువా, కాత్ర్, సేంక్, సీస్, సెత్, యూయిత్, నఫ్, దీస్... పది వరకు ఒక పూటలో వల్లె వేయవచ్చు. అరవై వరకు బండి సాఫీగానే నడుస్తుంది. అరవైని ‘సువాసాంత్’ అంటారు. డెబ్బైకి మాత్రం వేరే మాట లేదు. ‘అరవై పది’ అనాలి. 71 అంటే అరవైన్నీ పదకొండు. ఎనభై ‘నాలుగు ఇరవైలు’, తొంభై ‘నాలుగు ఇరవైల పది’. ఇక 99 అనేసరికి నాలుగు ఇరవైల పది తొమ్మిది!

అసలు ఇబ్బంది టెలిఫోను దగ్గర. ఫ్రాన్సులో పదంకెల నంబరును రెండేసి అంకెల చొప్పున చెబుతారు. ‘సువాసాంత్’ వినగానే 6 వేసుకున్నవారు, వెంట ‘దీస్’ వినబడితే దాన్ని కొట్టేసి 7 వేయాలి. ఈలోగా అవతలివారు తరువాతి జంటకు పోతారు. ఊరుకాని ఊళ్లో దిగి తప్పు నంబరు చేతబట్టుకుంటే అయినవారి ఆచూకీ తెలిసేదెలా?

బెల్జియం, స్విట్జర్లాండులలో 70ని ‘సెప్తాంత్’, 90ని ‘నొనాంత్’ అని తేలికగా అంటారు. ఫ్రాన్సువారికి ఆ సుఖం అక్కరలేదు కాబోలు! జంట పూర్తిగా విన్నాకే కలం కదపడం మేలు.