ప్రిన్సిపాలునే ఆపిన విద్యార్థి

అది 1892 మార్చి. మాస్కో సంగీత కళాశాలలో విద్యార్థుల కచేరీకి రిహార్సల్ జరుగుతోంది. పద్ధెనిమిదేళ్ల రాఖ్మానినోవ్ తన మొదటి పియానో కన్సర్టో రాశాడు. ఒక్క పియానోకూ పెద్ద వాద్యబృందానికీ మధ్య మాటకు మాటగా సాగే సంగీతమది. పియానో అతనిదే, తక్కిన వాద్యాలు తోటి విద్యార్థులవి, నడిపించేది ప్రిన్సిపాలు సఫోనోవ్.

శిష్యుల రచనలను తోచినట్లు కత్తిరించడం ఆయనకు అలవాటు. ఎవరూ నోరెత్తేవారు కారు. రాఖ్మానినోవ్ మాత్రం ససేమిరా అన్నాడు. పైగా కాలప్రమాణం తప్పుతోందని ఆయననే ఆపాడట! తోటి విద్యార్థి ఒకరు తర్వాత ఈ సంగతి రాశారు. సఫోనోవ్ నొచ్చుకున్నా, రాసినవాడి హక్కును మన్నించారు.

ఆనాడు వినిపించింది మొదటి భాగమే. 1917లో ఆ కన్సర్టోను రాఖ్మానినోవ్ తానే ఆసాంతం దిద్దుకున్నాడు.