మెడ మీద నలుపు.. మురికి కాదు!

రెండేళ్ల పాటు నా మెడ వెనక ఉన్న నలుపును మురికే అనుకున్నా. అమ్మ సున్నిపిండి పెట్టి రుద్దేది. నేను ఆన్‌లైన్‌లో స్క్రబ్ కొని రుద్దా. చర్మం మండిందే కానీ నలుపు పోలేదు. ‘ఒరేయ్, స్నానం చేస్తున్నావా లేదా?’ అని ఫ్రెండ్స్ జోకులు. దాంతో ఎప్పుడూ కాలర్ షర్టులే వేసుకునేవాణ్ని.

చివరికి స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆవిడ క్రీమ్ కంటే ముందు షుగర్ టెస్టు రాశారు! హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ గుమ్మం దగ్గర ఉన్నట్టే. అప్పటికి నాకు 27 ఏళ్లు.

ఈ నలుపు పేరు అకాంథోసిస్ నైగ్రికాన్స్. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోతే, శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ వల్ల చర్మ కణాలు గబగబా పెరిగి, మడతల దగ్గర చర్మం మందంగా, నల్లగా మారుతుంది. అమ్మాయిల్లో పీసీఓఎస్ ఉన్నా ఇలా రావచ్చు.

మరి ఎలా గుర్తుపట్టాలి?

• ముట్టుకుంటే వెల్వెట్‌లా మెత్తగా, మందంగా ఉండి, చంకల్లో కూడా నలుపు కనిపిస్తే: ఇదే కావచ్చు. దురద పెద్దగా ఉండదు.

• గుండ్రంగా, అంచులు ఎర్రగా, బాగా దురద: తామర కావచ్చు. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీమ్ రాస్తే ముదురుతుంది.

• తెల్లగా లేదా గోధుమరంగులో, సన్నని పొట్టుతో మచ్చలు: శోభి కావచ్చు.

• గొలుసు తగిలేచోటే దురద, దద్దుర్లు: నికెల్ అలర్జీ కావచ్చు. వన్‌గ్రామ్ గోల్డ్ తీసేసి చూడండి.

• జుట్టు మొదళ్ల దగ్గర మందంగా, వెండిరంగు పొలుసులు: సోరియాసిస్ కావచ్చు.

ఇవన్నీ అంచనాలే, తేల్చాల్సింది డాక్టరే. బరువు పెరగకుండానే నలుపు ఉన్నట్టుండి వచ్చి, త్వరగా పాకుతుంటే మాత్రం అస్సలు ఆలస్యం చేయొద్దు. అరుదుగా లోపలి క్యాన్సర్‌కీ అది సూచన కావచ్చు.

నేను రాత్రి బిర్యానీ ఆర్డర్లు తగ్గించా, రోజూ నడుస్తున్నా. ఆరు నెలల్లో హెచ్‌బీఏ1సీ 5.6కి దిగింది. నలుపు ఇంకా పూర్తిగా పోలేదు, మెల్లగా తగ్గుతోంది. అమ్మ ఇప్పుడు సున్నిపిండి పక్కనపెట్టి, ‘ఇవాళ నడిచావా?’ అని అడుగుతోంది.

ఇవాళ ఒకసారి ఫోన్‌తో మీ మెడ వెనక ఫొటో తీసి చూసుకోండి. నల్లగా ఉంటే రుద్దకండి. టెస్టు చేయించుకోండి.