అంబులెన్స్‌లో వచ్చే ఇ.ఎం.టి. ఎవరు? ఏం చేస్తారు?



మన ప్రాంతంలో 108 అంబులెన్స్ సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. అంతకు ముందు మా క్యాజువాలిటీకి రోగులు ఆటోల్లో, ట్రాక్టర్లలో వచ్చేవారు. విరిగిన కాలు వేలాడుతూ, దారి పొడుగునా రక్తం కారుతూ వచ్చినవారిని ఎందరినో చూశాను. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 108 బండిలో డ్రైవర్‌తో పాటు ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, అంటే ఇ.ఎం.టి. వస్తారు. ఆయన స్ట్రెచర్ మోయడానికే వస్తారని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు.

వీరి శిక్షణ తరగతిలో మొదలవుతుంది. ఆగిన గుండెను తిరిగి పనిచేయించడానికి ఛాతీని నిమిషానికి 100 నుండి 120 సార్లు, పెద్దవారికి కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కడం బొమ్మ మీద నేర్పుతారు. రక్తం ఆపడం, విరిగిన ఎముకకు ఆధారం కట్టడం, ఆక్సిజన్ పెట్టడం, అవసరమైతే దారిలోనే కాన్పు చేయడం కూడా నేర్చుకోవాలి. తరువాత క్యాజువాలిటీలో, కాన్పుల గదిలో, అంబులెన్స్‌లో పని నేర్చుకుంటారు. మొదటి రోజు రక్తం చూసి కళ్ళు తిరిగిన కుర్రాడికి నేనే మంచినీళ్ళు ఇచ్చాను. కొద్ది వారాలకే అతని చేయి వణకడం మానింది.

ఒక రాత్రి ప్రమాదంలో గాయపడిన పెద్దాయన తొడకు ఒక ఇ.ఎం.టి. గట్టిగా కట్టు కడుతుంటే, "బండి కదిలించకుండా ఈ కట్లేమిటి?" అని కొడుకు చేయెత్తాడట. ఆసుపత్రికి చేరాక మా డాక్టరుగారు చూసి, "ఆ కట్టే మీ నాన్నను కాపాడింది" అన్నారు. కొడుకు తల వంచుకున్నాడు.

అందుచేత మీకు నా మనవి:

1. ఫోనులో ఊరు, దగ్గరి గుర్తు, ఏం జరిగింది, స్పృహ, శ్వాస ఉన్నాయా అన్నది చెప్పండి. వారు చెప్పేవరకు ఫోను పెట్టేయకండి.

2. ప్రమాదంలో పడినవారికి అక్కడ మంటల వంటి అపాయం లేకపోతే, లేవదీసి కూర్చోబెట్టకండి. మెడ కదిలించకండి.

3. ఇ.ఎం.టి.ని తన పని చేయనివ్వండి.

4. సాయం చేస్తే కేసు అవుతుందని భయపడకండి. మంచి మనసుతో ఆదుకున్నవారికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ ఇస్తుంది.

ఈ పనికి వెళ్ళాలనుకునే పిల్లలకు ఒక మాట. రాత్రి డ్యూటీలు ఉంటాయి, బరువులు మోయాలి, కళ్ళ ముందే మరణాలు చూడాలి. ఫీజు కట్టేముందు ఆ కోర్సులో ఆసుపత్రి, అంబులెన్స్ శిక్షణ ఎన్ని రోజులో అడగండి. బొమ్మ మీద మాత్రమే నేర్చుకున్న చేతులు మనిషి దగ్గర తడబడతాయి.