బొంగు మాడినా కోడి మాడదు

మారేడుమిల్లిలోనూ అరకు దారిలోనూ రోడ్డు పక్కన నిప్పుల మీద వెదురు బొంగులు వరుసగా కాలుతుంటాయి. బొగ్గులా నల్లబడిన బొంగును చీల్చి ఆకులో దులిపితే కోడిముక్కలు మెత్తగా, తడితడిగా జారిపడతాయి. నూనె వేయలేదు, నీళ్లు పోయలేదు. తిన్నవాళ్లంతా మసాలాను మెచ్చుకుంటారు. నిజానికి మెచ్చుకోవలసింది మన్యం ఆదివాసుల చేతిలో కత్తిదెబ్బకు తయారయ్యే ఆ పాత్రను.

వెదురు మండే వస్తువే. అయినా ఈ బొంగు భగ్గుమనదు. అప్పుడే నరికిన పచ్చి వెదురు బరువులో దాదాపు సగం దాకా నీరే ఉండవచ్చు. సెగ ముందు ఆ నీటి మీదే ఖర్చవుతుంది. మరుగుతున్న కిలో నీరు పూర్తిగా ఆవిరి కావాలంటే సుమారు 2,260 కిలోజౌళ్ల వేడి కావాలి. మామూలు నీటిని మరిగే దాకా కాచడానికి అందులో ఏడెనిమిదో వంతు చాలు. కట్టె మండే వాయువులను వదలాలంటే 200 డిగ్రీల సెల్సియస్ దాటాలి. తడి ఆరని గోడ 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ముందుగా ఎండి మాడేది పైపొర. ఆ బొగ్గు కూడా వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు. ఎండు బొంగుకు ఈ రక్షణ లేదు, అంటుకుంటుంది.

లోపల జరిగేది వేరు. కోడిమాంసంలో సుమారు 70 శాతం పైగా నీరే. ఉప్పు పట్టించగానే కొంత బయటికి ఊరుతుంది, వేడికి అదే ఆవిరవుతుంది. బొంగుకు ఒక చివర కణుపు మూత, రెండో చివర ఆకులు కుక్కుతారు. ఈ ఆకుల మూతలోనే తెలివంతా ఉంది: ఆవిరిని నిలుపుతుంది, ఎక్కువైతే వదిలేస్తుంది. కాబట్టి ఇది ప్రెషర్ కుక్కర్ కాదు, ఇడ్లీపాత్ర. రెండు వైపులా కణుపులున్న బొంగును నిప్పులో వేస్తే పగులుతుంది. అడవి అంటుకున్నప్పుడు వెదురు పొదలు తుపాకుల్లా పేలేది అందుకే.

మాంసం ఎర్రగా వేగి కమ్మని వాసన రావాలంటే దాదాపు 140 డిగ్రీలు కావాలి. తడి బొంగులో అంత వేడి పుట్టదు. అందుకే దీన్ని కాల్చిన కోడి అనలేం, ఆవిరికి ఉడికిన కోడి. నాటుకోడిలో గట్టిగా ఉండే కొల్లాజెన్ జిగురుగా కరగడానికి తడి, సమయం రెండూ కావాలి. గోడ మందంగా ఉన్న బొంగు ఆ సమయాన్ని ఇస్తుంది. మంట మీద కాకుండా కణకణలాడే నిప్పుల మీద తిప్పుతూ ఉంటే తడి అన్ని వైపులా సమానంగా ఆరుతుంది.

ఇంట్లో ప్రయత్నించేవారు పందిళ్లకు, నిచ్చెనలకు అమ్మే బొంగులు వాడకండి. పురుగు పట్టకుండా వాటికి మందు పట్టించి ఉండవచ్చు. ముక్కలు చిన్నవిగా కోయండి. మందం రెట్టింపైతే వేడి నడిమధ్యకు చేరడానికి దాదాపు నాలుగింతల సమయం పడుతుంది. లావు ముక్క మధ్యలో 74 డిగ్రీలు వచ్చాకే కోడి తినడానికి సురక్షితం.