పొటాషియం తగ్గితే.. నర్సు పర్యవేక్షణే రక్ష

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: విరేచనాలతో నీరసించిన రోగికి సెలైన్ పెట్టారు. చుక్కలు నెమ్మదిగా పడుతున్నాయని వెంట వచ్చిన బంధువు చక్రం తిప్పి వేగం పెంచుతాడు. ఆ సీసాలో పొటాషియం కలిపి ఉంటే ఈ తొందరపాటు ప్రాణాల మీదకు తెస్తుంది.

2016లో జిల్లా కేంద్రాలైన ఈ మూడు పట్టణాల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. మహబూబాబాద్‌లో 2022లో, మిగతా రెండు చోట్ల 2023లో తరగతులు మొదలయ్యాయి. వైద్యం చేరువైన వేళ, పడక పక్కన నర్సులు అనుసరించే సంరక్షణ ప్రణాళికపై రోగి బంధువులకూ అవగాహన అవసరం.

ఎందుకు తగ్గుతుంది?

రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్ల వరకు ఉండాలి. 2.5 కంటే తగ్గితే తీవ్ర పరిస్థితిగా భావిస్తారు. వాంతులు, విరేచనాలు, మూత్రం ఎక్కువగా వచ్చేందుకు ఇచ్చే మాత్రలు, ఇన్సులిన్ ఇందుకు ప్రధాన కారణాలు. కండరాలు పట్టేయడం, కాళ్లు చచ్చుబడినట్లు ఉండడం, మలబద్ధకం, గుండె దడ దీని లక్షణాలు.

నర్సు ఏం చూస్తారు?

నాడి, రక్తపోటు, శ్వాస, ఈసీజీలో మార్పులను క్రమం తప్పక నమోదు చేస్తారు. గుండె లయ కాపాడడమే తొలి లక్ష్యం. మూత్రం గంటకు 30 మిల్లీలీటర్ల కంటే తగ్గితే వెంటనే వైద్యుడికి తెలియజేస్తారు. మూత్రపిండాలు సరిగా పనిచేయని స్థితిలో ఎక్కించిన పొటాషియం ఒంట్లో పేరుకుపోతుంది. మెగ్నీషియం తక్కువగా ఉంటే పొటాషియం ఎంత ఇచ్చినా నిలవదు. అందుకే ఆ పరీక్ష కూడా చేయిస్తారు. నీరసించిన రోగి పడిపోకుండా మరుగుదొడ్డికి తోడు వెళ్లేలా చూస్తారు.

ఎక్కించేటప్పుడు..

పొటాషియం మందును నేరుగా నరంలోకి సూదితో ఎప్పుడూ ఇవ్వరాదు. అలా ఇస్తే గుండె ఆగిపోయే ప్రమాదముంది. సెలైన్‌లో బాగా కలిపి, చేతి నరం ద్వారా సాధారణంగా గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు మించకుండా ఎక్కిస్తారు. సూది ఉన్నచోట మంట, వాపు కనిపిస్తే వెంటనే నర్సుకు చెప్పాలి. నోటి ద్వారా ఇచ్చే సిరప్‌ను నీటిలో కలిపి, భోజనం తర్వాత తాగించాలి. పరీక్ష మళ్లీ చేయించి, ఫలితాన్ని బట్టి ప్రణాళికను సవరిస్తారు.

ఇంటికి వెళ్లాక..

అరటిపండు, కొబ్బరినీళ్లు, పాలకూర, పప్పుల్లో పొటాషియం పుష్కలం. కిడ్నీ వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుడిని అడగకుండా వీటిని పెంచరాదు. విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ ద్రావణం తాగించాలి. అందులో పొటాషియం కూడా ఉంటుంది. ఆసుపత్రిలో ఉన్నంతకాలం సెలైన్ చక్రాన్ని ముట్టుకోకుండా ఉండడమే బంధువులు రోగికి చేసే పెద్ద మేలు.