అచ్చు అక్కడ, చదువరులు ఇక్కడ



ఆదివారం బైబిలు పట్టుకొని ఆరాధనకు వెళ్లడం మన పెనుగొండ ప్రాంతంలో మామూలు సంగతి. మూడు వందల ఏళ్ల క్రితం మాత్రం ఇంగ్లాండులో ఓడ ఎక్కిన క్రైస్తవ పుస్తకం అట్లాంటిక్ సముద్రం మీదుగా రావలసిందే.

1698లో లండనులో ఎస్.పి.సి.కె. అనే సంస్థ ఏర్పడింది. దాని స్థాపకులు థామస్ బ్రే గారు అమెరికా వలసలకు పుస్తకాలు పంపి సంఘ గ్రంథాలయాలు పెట్టించారు. అదే సంస్థ 1711లో తరంగంబాడి మిషనరీ సీగన్‌బాల్గు గారి కోసం ఒక అచ్చుయంత్రాన్ని, పోర్చుగీసు సువార్త ప్రతులను ఓడ ఎక్కించింది. అనుకూలమైన గాలి కోసం ఆనాటి తెరచాప ఓడలు బ్రెజిల్ వైపుగా తిరిగి వచ్చేవి. రియో డి జనీరో దగ్గర ఫ్రెంచివారు ఆ ఓడను పట్టుకున్నారు. సొమ్ము చెల్లించి విడిపించాక 1712లో యంత్రం మద్రాసు చేరింది. దానితో బయలుదేరిన ముద్రకుడు ఫింక్ గారు దారిలోనే మరణించారు.

మరి తెలుగు మాట? బెంజమిన్ షుల్జ్ గారు మద్రాసులో తెలుగు నేర్చి బైబిలును అనువదించారు గాని అది అచ్చుకు నోచుకోలేదు. స్వదేశం వెళ్లాక, 1746లో జర్మనీలోని హాలేలో లూథరు గారి చిన్న జ్ఞానోపదేశమును తెలుగులో అచ్చువేయించారు. చదివేవారు ఇక్కడ, అచ్చు అక్కడ! నడుమ నెలల తరబడి సముద్ర ప్రయాణం.

బెంగాలులోని సేరంపూరులో కథ మారింది. పంచానన కర్మకార్ అనే స్థానిక కమ్మరి అచ్చు అక్షరాలు చేసే విద్యను అక్కడ నిలిపారు. 1812 మార్చి 11న ముద్రణాలయం కాలిపోయి తెలుగు అక్షరాలు కూడా నాశనమయ్యాయి. అయినా చేసే చేతులు అక్కడే ఉన్నాయి గనుక మళ్లీ పోతపోసుకున్నారు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడింది.

ప్రియులారా, నేడు మన మహాసభల పుస్తకాల బల్ల మీద ఎక్కువగా కనబడేవి అమెరికా బోధకుల అనువాదాలే. వాటివల్ల మేలు పొందాము, కాదనను. అయితే మన గోదావరి గ్రామాల్లో సైకిలు మీద తిరిగి సువార్త చెప్పిన సేవకుల సాక్ష్యాలు ఎక్కడ? నేనెరిగిన ఒక వృద్ధ ఉపదేశి నలభై ఏళ్లు వ్రాసుకున్న ప్రసంగాల నోటుపుస్తకాలు, ఆయన సమాధి అయిన నెలకే పాత పేపర్ల తూకానికి వెళ్లిపోయాయి. నేను అడిగేసరికి ఆలస్యమైంది.

ఈనాడు అడ్డుగా సముద్రం లేదు. ఉన్నది మన అశ్రద్ధే. ఈ క్రిస్మసు లోపు ప్రతి సంఘము తన పెద్దల సాక్ష్యాలను సేకరించి, కనీసం పదహారు పేజీల చిన్న పుస్తకమైనా అచ్చువేయించాలని మనవి. మన మనవలు చదువుకోవడానికి మన మాట కూడా మిగలాలి కదా!