బలహీన బంధాల బలం: టెలివిజన్ వార్తారంగంలో ఉద్యోగాన్వేషణ

రసాయన శాస్త్రంలో ప్రాథమిక పాఠమొకటి ఉన్నది. నీటి అణువులో ఆక్సిజన్, హైడ్రోజన్ పరమాణువులను కలిపి ఉంచే సమయోజనీయ బంధం మిక్కిలి దృఢమైనది. దానిని తెంచడానికి మోల్ ఒక్కింటికి సుమారు 460 కిలోజౌళ్ళ శక్తి అవసరం. ఒక నీటి అణువుకూ దాని పొరుగు అణువుకూ మధ్యనుండే హైడ్రోజన్ బంధాన్ని తెంచడానికి దాదాపు 20 కిలోజౌళ్ళు చాలు. అయినప్పటికీ, సాధారణ ఉష్ణోగ్రత వద్ద నీరు ఆవిరైపోక ద్రవరూపంలో నిలుస్తున్నదంటే అందుకు కారణం ఈ బలహీన బంధాలే. దృఢబంధం అణువును నిర్మిస్తుంది. బలహీన బంధం అణు సమూహాన్ని నిలుపుతుంది.

ఈ పాఠానికీ ఉద్యోగాన్వేషణకూ సంబంధమేమిటన్న సందేహం పాఠకులకు కలుగవచ్చు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్‌కు తన సిద్ధాంతం స్ఫురించడానికి విద్యార్థి దశలో విన్న ఈ హైడ్రోజన్ బంధాల పాఠమే ప్రేరణ. 1973లో ఆయన ప్రచురించిన వ్యాసం పేరే "బలహీన సంబంధాల బలం". బోస్టన్ సమీపంలోని న్యూటన్ పట్టణంలో, పరిచయస్థుల ద్వారా ఉద్యోగం సంపాదించిన వారిని ఆయన ప్రశ్నించారు. ఆ పరిచయస్థుని తాము తరచుగా కలుస్తుండేవారమని చెప్పినవారు నూటికి 17 మంది మాత్రమే. మిగిలిన 83 మందికీ ఉద్యోగ వార్తను అందించినవారు అప్పుడప్పుడో, ఏడాదికొక్కసారో కనిపించేవారే.

దీనిలోని హేతువు సులభగ్రాహ్యమే. మన ఆప్తమిత్రులు మనము మసలే వర్గంలోనే మసలుతారు. మనకు తెలిసినదే వారికీ తెలుస్తుంది. దూరపు పరిచయస్థుడు వేరొక వర్గానికి చెందినవాడు కనుక, మనకు తెలియని వార్త అతని వద్ద ఉంటుంది.

రెండు కోట్ల మందిపై ప్రయోగం

ఈ సిద్ధాంతానికి ప్రయోగపూర్వకమైన నిరూపణ చాలకాలం లభించలేదు. 2003లో ప్రారంభమైన లింక్డిన్ వంటి సామాజిక మాధ్యమాల వలన అది సాధ్యమైనది. 2022 సెప్టెంబరులో "సైన్స్" పత్రికలో వెలువడిన పరిశోధనలో, ఐదేళ్ళ పాటు 2 కోట్ల మంది సభ్యులకు "వీరు మీకు తెలిసి ఉండవచ్చు" అన్న సూచనలను వేర్వేరు పాళ్ళలో చూపించారు. ఆ కాలంలో సుమారు 200 కోట్ల కొత్త పరిచయాలు, 6 లక్షల ఉద్యోగాలు నమోదయ్యాయి. ఉద్యోగం మారడానికి ఎక్కువగా తోడ్పడినవి గాఢ స్నేహాలు కావు; అలాగని బొత్తిగా ముఖపరిచయం లేని సంబంధాలూ కావు. కొద్దిమంది ఉమ్మడి మిత్రులున్న మధ్యస్థ పరిచయాలే అత్యధికంగా ఫలించాయి. సభ్యులకు విడిగా తెలుపకుండా ఈ ప్రయోగం జరిపారన్న విమర్శ కూడా వచ్చినదని చెప్పక తప్పదు.

దోహా వార్తాలయాలు

ఖతర్‌లో నివసించే మనకు ఈ విషయం ప్రత్యేకంగా వర్తిస్తుంది. ప్రపంచ ప్రసిద్ధమైన అల్ జజీరా 1996 నవంబరు 1న దోహాలో ప్రసారాలు ఆరంభించినది. అదే ఏడాది ఏప్రిల్‌లో మూతబడిన బీబీసీ అరబిక్ టెలివిజన్‌లో కలిసి పనిచేసిన పలువురు ఇందులో చేరారు. ఆంగ్ల ప్రసారాలు 2006 నవంబరు 15న మొదలైనవి. 2010 డిసెంబరులో టునీషియాలోని సిదీ బూజిద్‌లో ప్రజలు తిరగబడినప్పుడు, ఆ దేశంలో ప్రవేశం లేని అల్ జజీరా, ఫేస్‌బుక్‌లో పౌరులు ఉంచిన దృశ్యాలను ప్రసారం చేసినది. నాటి నుండి సామాజిక మాధ్యమాలలోని దృశ్యాలను వెదకి, వాటి సత్యాసత్యాలను తేల్చడం వార్తాలయాలలో ఒక ప్రత్యేక విద్యగా వృద్ధి చెందినది.

కనుక టెలివిజన్ వార్తలంటే తెరపై కనిపించే వ్యాఖ్యాత ఒక్కరే కాదు. ఛాయాగ్రాహకులు, ఎడిటర్లు, గ్రాఫిక్స్ నిపుణులు, అనువాదకులు, ప్రసార ఇంజనీర్లు, దృశ్యాలను నిర్ధారించేవారు తెర వెనుక శ్రమిస్తుంటారు. కంప్యూటర్ విద్య నేర్చిన మన పిల్లలకు ఇందులో చోటున్నది. శిక్షణకు 2004లో నెలకొల్పిన అల్ జజీరా మీడియా ఇన్‌స్టిట్యూట్, 2008 నుండి ఎడ్యుకేషన్ సిటీలో నడుస్తున్న నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ శాఖ ఇక్కడనే ఉన్నాయి.

ఆచరణలో

మన దోహా జీవితం ఎలా సాగుతున్నదో గమనించండి. ఉగాదికీ, సంక్రాంతికీ, వారాంతపు విందులకూ కలిసేది అవే కుటుంబాలు. ఆత్మీయతకు ఈ బంధాలే ఆధారం. ఆపదలో ఆదుకునేవారు వీరే. ఉద్యోగ వార్త మాత్రం ఈ వలయం వెలుపలి నుండి రావలసి ఉంటుంది. పాత సహాధ్యాయి, శిక్షణ తరగతిలో కలిసిన ఈజిప్టు యువకుడు, ఒక సభలో రెండు మాటలు మాట్లాడిన నిర్మాత - ఇటువంటివారితో పరిచయాన్ని నిలుపుకోవడానికి సామాజిక మాధ్యమం చక్కని సాధనం.

అయితే పరిచయం కాగానే "ఉద్యోగమిప్పించండి" అనడం తగదు. ఆ పని ఎలా ఉంటుందో, ఏ నైపుణ్యం నేర్వాలో అడగడం మర్యాద. సమాధానమూ సులభంగా వస్తుంది. రెండు నిమిషాల నిడివి గల స్వయంకృత వార్తాకథనమొకటి తమ పుటలో ఉంచితే పది ప్రశంసాపత్రాల కన్న మిన్న. దరఖాస్తును మాత్రం సంస్థ అధికారిక వెబ్‌సైట్ ద్వారానే పంపాలి.

జాగ్రత్తలు

ప్రయోగశాలలో సీసాపై చీటీని చూసి లోపలి పదార్థాన్ని నమ్మము, పరీక్షించి తెలుసుకుంటాము. ఉద్యోగ ప్రకటనలకూ ఇదే నియమం. ప్రసిద్ధ సంస్థల చిహ్నాలతో నకిలీ నియామక పత్రాలు పంపి, వీసా ఖర్చులంటూ సొమ్ము గుంజే మోసగాళ్ళు గల్ఫ్ అంతటా ఉన్నారు. 2004 నాటి ఖతర్ కార్మిక చట్టం ప్రకారం, నియామకానికై ఉద్యోగి వద్ద రుసుము వసూలు చేయడం నిషిద్ధం. అందుచేత సొమ్ము అడిగిన క్షణమే అనుమానించవలసినదే. స్వదేశం నుండి వచ్చే బంధువులకు ఏజెంటు పేరు భారత ప్రభుత్వ ఇ-మైగ్రేట్ జాబితాలో ఉన్నదో లేదో చూడమని చెప్పండి.

రెండవది, ఉత్సాహం కొద్దీ వినిపించినదెల్లా ప్రచారం చేయరాదు. 2014 నాటి సైబర్ నేరాల చట్టం క్రింద అసత్య వార్తల వ్యాప్తి శిక్షార్హం. అనుమతి లేనిదే ఇతరులను చిత్రీకరించడమూ చిక్కులు తెస్తుంది. పైగా, వార్తాలయం వారు అభ్యర్థి పాత రాతలను తిరగవేసి చూడవచ్చు. నిర్ధారణ కాని వార్తను పంచుకున్నవానిని నిర్ధారణ చేసే ఉద్యోగంలోకి ఎవరు తీసుకుంటారు?

మూడవది, ఇప్పటికే వేరొక ఉద్యోగంలో ఉన్నవారికి ఊరట కలిగించేది. 2020 సెప్టెంబరులో వచ్చిన చట్టసవరణ పిదప, యజమాని మారడానికి పాత యజమాని నుండి నిరభ్యంతర పత్రం పొందవలసిన అవసరం తొలగినది. నోటీసు గడువు నియమాలు పాటిస్తే చాలు.

ఇంజనీరింగు, వైద్యం తప్ప అన్య మార్గం లేదని తలచే తల్లిదండ్రులు మనలో అనేకులు. బిడ్డ వార్తారంగాన్ని కోరుకుంటే, మనకు ఆ రంగంలో తెలిసినవారెవరూ లేరన్న భయంతో వారింపనక్కరలేదు. మనకు తెలియకపోయినా, మనకు తెలిసినవారికి తెలిసినవారు తప్పక ఉంటారు. ఆ పలుచని పరిచయాన్ని వెదకడం, దానిని నిజాయితీతో నిలుపుకోవడం బిడ్డలకు నేర్పగలిగితే చాలు.